ముసురు పట్టకముందే తేనెపెట్టెలు సర్దుకోండి

వాన వెలిసి మూత తీస్తే పెట్టెలో తేనెటీగలుండవు. అడుగు పలక మీద నల్లటి పెంట గింజలు, తేనెపట్టుల్లో దారాల గూళ్లు, వాటిలో మైనపు పురుగులు. శ్రీకాళహస్తి మొదలు పలమనేరు దాకా ఈశాన్య రుతుపవనాల తర్వాత పెంపకందార్ల నోట వచ్చే కబురు ఇదే. ఈసారి మొదటి వానలకే మొదలైంది. చలికి పోయాయనో, వానకు లేచిపోయాయనో అనుకుంటారు. మన పుట్ట తేనెటీగ కుప్పం చలినైనా తట్టుకుంటుంది. దాన్ని పోగొడుతున్నవి మనం లోపల వదిలేసిన ఖాళీ ఫ్రేములు, అంటే ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాలు.

పెట్టెను నీడన ఉంచడం, స్టాండు ఎత్తుగా వేసుకోవడం అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. ముందుగా చెప్పాల్సింది ఒక్కటే: ఈగలు కప్పని ఫ్రేము పెట్టెలో ఉంచొద్దు.

పిల్ల, అంటే గుడ్లూ పిల్లపురుగులూ పెరిగే చోటును ఈగలు 34, 35 డిగ్రీల వేడిలో నిలుపుతాయి. మూడు ఫ్రేములకు సరిపడే ఈగలను ఏడు ఫ్రేముల గదిలో వదిలితే ఆ వేడి నిలవదు. పిల్లకు చలి తగులుతుంది, పట్టుకు బూజు పడుతుంది. కాపలా లేని పట్టు మీద మైనపు చిమ్మట రాత్రిపూట గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన మైనపు పురుగు తొలుచుకుంటూ పిల్ల ఉన్న ఫ్రేము దాకా వస్తుంది. అప్పుడు పుట్ట తేనెటీగ పోరాడుతూ కూర్చోదు, గూడు వదిలి వెళ్లిపోతుంది. చక్కెర నీళ్లు ఎన్ని పోసినా ఆగదు.

సెప్టెంబరు చివర్లో ఎండ కాసిన రోజు, పొద్దున పది దాటాక తెరవండి. పెట్టెలో ఎన్ని ఫ్రేములున్నాయన్నది లెక్క కాదు, రెండు పక్కలా ఈగలు నిండుగా కప్పినవి ఎన్ని అన్నది లెక్క. ఐదు, ఆపైన ఉంటే బలమైన పెట్టె. మూడు, నాలుగు ఉంటే నడిమిరకం. రెండు, అంతకు తక్కువైతే బలహీనం.

బలహీనమైన పెట్టె ఎందుకు బలహీనపడిందో ముందు చూడండి. పిల్ల తల పైకెత్తి, నీరు నిండిన తిత్తిగా మారి చచ్చి ఉంటే అది థాయ్ సాక్‌బ్రూడ్. 1991-92లో దక్షిణాదిన పుట్ట తేనెటీగల పెట్టెలను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసిన వైరస్ జబ్బు. అలాంటి పెట్టెను దేనితోనూ కలపొద్దు. దాని ఫ్రేము ఇంకో పెట్టెకు ఇవ్వొద్దు. దాన్ని ముట్టిన చేత్తో, కత్తితో కడుక్కోకుండా పక్క పెట్టె తెరవొద్దు.

జబ్బు లేకపోతే నడిమిరకం పెట్టెతో కలిపేయండి. రెండు బలహీనమైనవి కలిపి ఒక మంచి పెట్టె అవుతుందని ఆశపడకండి, సాధారణంగా కాదు. కలపాల్సిన రెంటినీ రోజుకు ఒకటి రెండు అడుగుల చొప్పున దగ్గరికి జరపండి. ఒక్కసారే ఎత్తుకెళ్లి పెడితే మేతకు పోయిన ఈగలు పాత చోటికే తిరిగొస్తాయి. బలహీన పెట్టెలోని రాణిని ఒక రోజు ముందు తీసేయండి. మర్నాడు సాయంత్రం, నడిమిరకం పెట్టె పిల్లల గది మీద సూదితో అక్కడక్కడా పొడిచిన ఒక పొర వార్తాపత్రిక పరిచి, పైన బలహీన పెట్టె గదిని పెట్టండి. రెండు మూడు రోజుల్లో ఈగలు కాగితాన్ని కొరుక్కుని కలిసిపోతాయి. ఆ తర్వాత మళ్లీ అదే పని: కప్పని ఫ్రేములు తీసేయండి.

మిగిలిన ఫ్రేములు ఒక పక్కకు జరిపి డమ్మీ పలకతో, అంటే ఫ్రేమంత ఉత్త చెక్క పలకతో అడ్డుకట్ట వేయండి. పిల్ల ఉన్నవి మధ్యన, తేనె ఉన్నవి అంచున. పిల్ల ఫ్రేముల మధ్య ఖాళీ పట్టు దూర్చకండి.

బలమైన పెట్టెల దగ్గర జరిగే తప్పు వేరు. చివరి తేనె కూడా పిండేస్తారు. ఈ కాలంలో పిల్లల గదిలోని తేనె ముట్టొద్దు, ఖాళీ అయిన తేనె గది మాత్రం దించేయండి. అదీ ఈగలు కప్పని చోటే. మేత దొరకని రోజుల్లో ఈ బలమైన పెట్టెలే బలహీనమైన వాటిని దోచేస్తాయి. అందుకే బలహీన పెట్టె వాకిలి ఒక వేలు వెడల్పు చాలు.

చక్కెర పాకం వానలకు ముందు చిక్కగా ఇవ్వండి: రెండు కిలోల చక్కెరకు లీటరు నీళ్లు. పలచనిది ఇస్తే ఆ నీరంతా ఆరబెట్టడం ఈగల మీద పడుతుంది. పొద్దుగూకాకే పోయాలి, పెట్టె లోపలే, అన్ని పెట్టెలకూ అదే సాయంత్రం. పెట్టెకు పావు లీటరు. తెల్లారేసరికి మిగిలితే తీసేయండి, మర్నాడు తగ్గించండి. మునిగి చావకుండా పుల్లలు వేయండి. ఒక్క చుక్క బయట ఒలికినా దోపిడీ మొదలవుతుంది. చిత్తూరు బెల్లం చేతికి అందుతుంది కదా అని బెల్లం పాకం మాత్రం పోయకండి, ఈగలకు విరేచనాలవుతాయి.

ఇక మిగతావి. తీసిన నల్లపట్టులు కరిగించి మైనం చేసుకోండి, మూలన పడేయొద్దు. దాచదగ్గ పట్టులను రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ఆరాక గాలి చొరని కవర్లో కట్టండి. గంధకం పొగకు పురుగు చస్తుంది గానీ గుడ్డు చావదు. నాఫ్తలీన్ ఉండలు వద్దు. అడుగు పలక వారానికోసారి గీకి తుడవండి. పెట్టె వాకిలి వైపుకు కాస్త వంచి ఉంచండి, నీరు బయటికి పోతుంది. పాలిథిన్ పట్టా పెట్టెకు చుట్టొద్దు, లోపల చెమ్మ కారుతుంది. పైమూత మీద మాత్రమే వేసి తాడుతో రాయికి కట్టండి. లోపల వేసిన గోనెపట్ట తడిస్తే మార్చండి. వాన నీటికి స్టాండు కాళ్ల కింది నీళ్ల గిన్నెలు పొంగితే చీమలు దాటుకొస్తాయి, ఆ కాళ్లకు గ్రీసు పూయండి. అల్పపీడనం కబురు వచ్చాక పెట్టె తెరవొద్దు. ముసురులో అసలే తెరవొద్దు. వాన తెరిపిచ్చిన మొదటి ఎండకు తెరిచి, కప్పని ఫ్రేము ఉంటే అప్పుడే తీసేయండి.

పుష్యంలో మామిడి పూత మొదలవగానే తేనెమంచు పురుగుకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొడతారు. పూలు విచ్చాక కొట్టొద్దని తోట వాళ్లను ముందే అడగండి. ఒప్పుకోకపోతే మందు కొట్టే ముందు రాత్రే వాకిళ్లకు సన్న జాలీ బిగించి, పెట్టెలను కనీసం మూడు కిలోమీటర్ల అవతలికి తరలించండి.