200 కిలోమీటర్ల బ్రెవే: దారిలో వచ్చే తంటాలు, వాటి మూలాలు, మందులు

మొదటిసారి 200 బ్రెవేకి (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) పేరిచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ "మధ్యలో ఇలా అయితే ఏం చేయాలి?" అనే మొదలవుతాయి. ఆ "ఇలా"లనే ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను మెకానిక్‌ని కాను, డాక్టర్ని అసలే కాను. వారమంతా ఆఫీసు, ఆదివారం సైకిల్.

బ్రెవే రేసు కాదు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ పెట్టిన నిబంధనలే మన హైదరాబాద్ రైడ్లకూ వర్తిస్తాయి. గడువు 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. ఎవరు ముందొచ్చారన్న లెక్క లేదు, ర్యాంకుల్లేవు. కంట్రోల్ పాయింట్ల (దారిలో మన రాకను నమోదుచేసే చోట్లు) దగ్గర తప్ప దారిలో మనవాళ్ల కారు సాయం తీసుకోకూడదు. కాబట్టి సైకిల్‌కి ఏమొచ్చినా, ఒంటికి ఏమొచ్చినా వైద్యం మన చేతుల్లోనే.

120 కిలోమీటర్ల దగ్గర ఒక్కసారిగా ఒంట్లో ఏమీ లేనట్టయింది

నొప్పి ఉండదు, పంచరు ఉండదు, సైకిల్ మాత్రం ముందుకు పోదు. ప్రతి కిలోమీటరు రాయీ పగబట్టినట్టు కనిపిస్తుంది. పక్కనున్న స్నేహితుడు జోకేస్తే కొట్టాలనిపిస్తుంది. ఆ చిరాకు కూడా లక్షణమే, గుర్తుపెట్టుకోండి.

దీని మూలం 120 దగ్గర ఉండదు, ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఉంటుంది. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, గాలి ఉండదు, కాళ్లు తాజాగా ఉంటాయి. ముందు గుంపు ముప్పై స్పీడులో పోతుంటే వాళ్ల వెనక చక్రం పట్టుకుంటాం. ముందువాళ్లు గాలిని చీల్చుతుంటారు కాబట్టి మనకు పని బాగా తగ్గుతుంది, హాయిగానే ఉంటుంది. కానీ ఆ వేగం వాళ్లది. చిన్న ఎత్తు వచ్చినప్పుడల్లా వాళ్లని అందుకోవడానికి కాళ్లను పిండేస్తాం. పైగా ఆకలి లేదని ఏమీ తినం. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర అలా పొద్దున్నే కరిగిపోతుంది.

అయిపోయాక చేయగలిగింది కొంచెమే. నీడ చూసుకుని ఆగండి. చెరకు రసమో, కూల్‌డ్రింకో, రెండు అరటిపండ్లో, త్వరగా ఒంటికి పట్టేది ఏదైనా తీసుకోండి. పావుగంట కూర్చోండి. తర్వాతి అరగంట చిన్న గేర్లో, ఎవరినీ చూడకుండా తొక్కండి. చాలామందికి తేరుకోవడం కుదురుతుంది. ధాబా కనిపించింది కదా అని ఆ స్థితిలో బిర్యానీ లాగించకండి. రక్తమంతా కడుపు చూసుకుంటుంది, కాళ్లకు మిగలదు. పెరుగన్నం, ఇడ్లీ లాంటివి నయం.

రాకుండా చూసుకోవాలంటే మొదటి గంట నుంచే తినాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అంటారు. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. దానికి తోడు ఒక పల్లీ పట్టి అనుకోండి, గంట గడిచిపోతుంది. గుంపు సంగతికి నా కొలత ఒకటే. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారా, అది మీ గుంపు కాదు, వదిలేయండి. వెనక ఇంకో గుంపు వస్తూనే ఉంటుంది.

మార్చిన ట్యూబు మళ్లీ పంచరైంది

జడ్చర్ల దాటాక నాకు ఒకే చక్రానికి గంటలో మూడుసార్లు పడింది. మొదటిసారి ట్యూబు మార్చాను, టైరు లోపల వేలితో తడిమాను, ఏమీ తగల్లేదు. రెండోసారి ప్యాచ్ వేశాను. మూడోసారి ఇక రోడ్డు పక్కన కూలబడి, ట్యూబుకి గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పాను. వాల్వు నుంచి జానెడు దూరంలో సన్నగా గాలి తగిలింది. ట్యూబును టైరు పక్కన పరిచి, సరిగ్గా ఆ చోట టైరును లోపలికి మడిచి చూస్తే, వెంట్రుకంత తీగ. రెండు మిల్లీమీటర్లు కూడా బయటికి లేదు. వేలు పెడితే పడుకుంటుంది, మనిషి బరువు పడితే లేచి పొడుస్తుంది. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని ఉక్కు తీగలు తునకలై రోడ్డు అంచున రాలతాయి. మనం తొక్కేదీ ఆ అంచునే.

అప్పటి నుంచి రెండు పనులు చేస్తున్నాను. టైరు మీద కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వు పక్కకే వచ్చేలా ఎక్కిస్తాను, ట్యూబులో చిల్లు ఎక్కడుందో తెలిస్తే టైరులో దోషి ఎక్కడున్నాడో తెలుస్తుంది. సీటు కింద సంచిలో కనుబొమ్మలకు వాడే చిన్న పట్టకారు ఒకటి ఉంటుంది. ఇంట్లో అది కనబడట్లేదని ఒక గొడవ జరిగింది, అది వేరే కథ.

చిల్లు ఎక్కడుందన్నదే కారణం చెప్పేస్తుంది. బయటివైపు ఒక్క చుక్క ఉంటే తీగో ముల్లో. మన ఊళ్ల పక్క దారుల్లో అయితే ఎక్కువసార్లు సర్కారు తుమ్మ ముల్లే. పక్కపక్కనే రెండు చీలికలుంటే పాము కాటు అంటాం, అంటే గాలి తక్కువగా ఉండి గుంతలోనో స్పీడ్ బ్రేకర్ మీదో ట్యూబు రిమ్ముకి నలిగింది. లోపలివైపు, రిమ్ము తగిలే చోట ఉంటే రిమ్ టేపు (రిమ్ములో పుల్లల రంధ్రాలను కప్పే పట్టీ) జరిగి పుల్లల రంధ్రం కోసింది, ఎన్ని ట్యూబులు మార్చినా లాభం లేదు, ముందు టేపు సర్దాలి. వాల్వు మొదట్లో చిరిగితే అది మన పంపు కుదుపే, ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

గాలి ఎంత అంటే, మనిషి బరువును బట్టి 32 మిల్లీమీటర్ల టైరుకి 60-65, 25కి 80-90 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. రాయిలా కొట్టినంత మాత్రాన వేగం రాదు, నడుము పోతుంది. సన్న వాల్వు ఉన్నవాళ్లు చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి. అది లేకపోతే హైవే మీది పంచరు షాపులో కంప్రెసర్ ఉన్నా మీకు పనికిరాదు.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కాయి

అరచేతి అంచున పోయే నరం మీద గంటల తరబడి బరువు పడటం వల్ల. చేతులు పెట్టే చోటు పది నిమిషాలకోసారి మార్చండి, మోచేతులు బిగపట్టకండి. సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో చూడండి. ఉంటే మీరు ముందుకు జారుతూ బరువంతా చేతుల మీదే మోస్తున్నారు. గ్లౌజులు మార్చే ముందు సీటు మట్టం చేయండి, ఖర్చు లేని పని.

మోకాలు

ముందువైపు నొస్తే చాలావరకు సీటు తక్కువగా ఉండటమో, బరువు గేరు మొండిగా తొక్కడమో. వెనకవైపు లాగితే సీటు ఎక్కువ ఎత్తులో ఉంది. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తెస్తే మోకాలు దాదాపు నిటారు కావాలి, అదే ముతక కొలత. దారిలో మార్చాల్సి వస్తే మూడు నాలుగు మిల్లీమీటర్లు మించి కదపకండి. రైడ్‌కి ముందురోజు రాత్రి సీటు మార్చి, పొద్దున్నే 200కి వచ్చేవాళ్లని చూశాను. వాళ్లు తిరుగు ప్రయాణంలో కుంటడం కూడా చూశాను.

కూర్చునే చోట ఒరుసుకుపోయింది

ప్యాడ్ ఉన్న షార్ట్ కింద లోదుస్తులు వేసుకోకూడదు. సిగ్గుపడి ఎవరూ అడగరు, అందుకే చెబుతున్నాను. దాని కుట్లే కోసేది. బయల్దేరే ముందు వాజలైన్ రాసుకోండి, సగం దారిలో ఇంకోసారి.

నీళ్లు తాగుతూనే ఉన్నా పిక్కలు పట్టేస్తున్నాయి, తలనొప్పి, వికారం

పిక్క పట్టేస్తే ఆగి, కాలు చాపి, పాదాన్ని మీవైపు లాక్కోండి. అలవాటుకు మించి తొక్కడం దీనికి పెద్ద కారణం, చెమటలో పోయిన ఉప్పు ఇంకోటి.

తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం కలిసి వస్తే మాత్రం జాగ్రత్త. ఉత్త నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఇంకా నీళ్లు పోయకండి, ఉప్పగా ఏదైనా తినండి. దాహం వేసినప్పుడు తాగితే చాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుందో అన్నిట్లోనే కలపండి. లీటరు ప్యాకెట్‌ని బాటిల్లో సగం, రేపటికి సగం అని దాచుకోకండి. మనిషి మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా, ఎండలో ఒళ్లు కాలిపోతున్నా రైడ్ అక్కడితో ఆపాలి. నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయండి.

చైను మాటిమాటికీ ఊడుతోంది

ఎత్తు ఎక్కుతూ, బలంగా తొక్కుతూ గేరు మార్చుతున్నారేమో చూడండి. ఎత్తు మొదలుకాక ముందే మార్చాలి. సైకిల్ కుడివైపు పడ్డాక మొదలైతే వెనక డిరైలర్‌ని (గేరు మార్చినప్పుడు చైనును పక్కకు జరిపే భాగం) పట్టుకునే కొక్కెం వంగింది. పెద్ద పళ్ల చక్రం మీదికి వేయకండి, డిరైలర్ పోయి పుల్లల్లో ఇరుక్కుంటుంది. మధ్య గేర్లలోనే ఇల్లు చేరండి.

బాగానే తొక్కాను, అయినా టైం దాటిపోయింది

గంటకు 20 చొప్పున 200కి పది గంటలు, ఇంకా మూడున్నర గంటలు చేతిలో ఉన్నాయి కదా అనిపిస్తుంది. ఇరవై నిమిషాల చాయ్ బ్రేకులు ఏడు, భోజనం ముప్పావుగంట, ఒక పంచరు అరగంట. కలిపితే మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలు. అయిదు నిమిషాల తేడాతో పోయింది! మధ్య కంట్రోళ్లకూ గడువు ఉంటుంది. ఆరింటికి బయల్దేరితే 100వ కిలోమీటరు కంట్రోల్ 12:40కి మూస్తారు. వేగం పెంచడం కష్టం, చాయ్ తగ్గించడం తేలిక. గుంపుతో ఆగితే ఒకరు లేచేసరికి ఇంకొకరు ఫోన్ తీస్తారు, మీ కప్పు అయిపోగానే మీరు లేవండి.

గుంపులో పడిపోయాను

నూటికి తొంభై మంది చెప్పేది ఒకటే: "ముందువాడు పక్కకి వచ్చాడు." నిజమే, కానీ మీ ముందు చక్రం వాడి వెనక చక్రం పక్కకు ఎందుకు చేరింది? రెండు చక్రాలూ రాసుకుంటే పడేది వెనకవాడే. ఒక సైకిల్ పొడవు వదలండి. గుంత కనిపిస్తే అరిచి చెప్పండి, బ్రేకు ఒక్కసారిగా నొక్కకండి. చీకటి పడ్డాక లైట్లు, మెరిసే జాకెట్ లేకపోతే రూలు ప్రకారమే ఆపేస్తారు, రెండో లైటు దగ్గర పెట్టుకోండి.

ఇక నా వల్ల కాదు

డీఎన్‌ఎఫ్ (డిడ్ నాట్ ఫినిష్, అంటే పూర్తిచేయలేదు) అని నిర్వాహకులకు ఫోన్ చేసి చెప్పండి. చెప్పకుండా ఇంటికి వెళ్లి పడుకుంటే రాత్రి వాళ్లు మీకోసం హైవే అంతా వెతకాలి. తర్వాత ఆటోవాడితో బేరం ఆడే ముందు ముందు చక్రం విప్పేయండి. విప్పిన సైకిల్ వెనక సీటు మీద పడుతుంది, విప్పకుండా అడిగితే ట్రాలీ రేటు చెబుతాడు.