గని నీళ్ళు కలిసే వాగులో ఉప్పు కొలవడం ఎలా

గని నీళ్ళు కలిసే వాగును చూడటానికి వెళ్ళాలంటే ముందుగా కావాల్సింది టీడీఎస్ పెన్ను, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చెప్పేది. మన ఇళ్ళలో ఆర్వో నీళ్ళు చెక్ చేసే పెన్నే ఇది. కొనేటప్పుడు మాత్రం పీపీఎంతో పాటు మైక్రోసీమెన్స్‌లో కూడా చూపించేది తీసుకోండి. పెన్ను నిజంగా కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నదే, మైక్రోసీమెన్స్ దాని కొలతే; కరిగిన ఉప్పు పెరిగితే ఆ అంకె పెరుగుతుంది. దాన్ని 0.5తోనో 0.7తోనో గుణించి పీపీఎం అని చూపిస్తుంది, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకే నోట్‌బుక్‌లో మైక్రోసీమెన్స్ అంకే రాసుకోండి.

నేను పుట్టింది ఇల్లందులో. ఇప్పుడుంటున్నది అమెరికాలో, పిట్స్‌బర్గ్‌కి దక్షిణాన మొనాంగహేలా నది దగ్గర. ఇక్కడా నేల కింద బొగ్గే. వీడియో కాల్‌లో ఓసారి వాగు చూపిస్తే నాన్న "నీళ్ళు తేటగనే ఉన్నయి కద బిడ్డా" అన్నాడు. తేటగానే ఉంటాయి, చిక్కంతా అదే. తవ్వినప్పుడు రాయిలోని పైరైట్‌కి (ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం) గాలీ నీళ్ళూ తగిలి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం పక్కనున్న సున్నపురాయిని కరిగించి తాను విరిగిపోతుంది. ఇక ఆమ్లం ఉందో లేదో చెప్పే పీహెచ్ కాగితం ముంచితే 7, 8 మధ్య చూపించి అంతా బాగుందనిపిస్తుంది. ఇనుముంటే రాళ్ళు నారింజ రంగుకి తిరుగుతాయి కాబట్టి కంటికి తెలుస్తుంది. సల్ఫేట్, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ మాత్రం రంగూ వాసనా లేకుండా కరిగే ఉంటాయి. నేను ఉప్పు అంటున్నది వీటన్నిటినీ కలిపే. చెరువు కట్టి నిలవబెట్టినా అడుక్కి దిగవు.

ఎంత ఉంటే ఎక్కువ? ఈ అపలాచియన్ కొండల వాగులకి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2011లో 300 మైక్రోసీమెన్స్ అని ఒక హద్దు చెప్పింది. అది దాటితే ఇక్కడి నీటి పురుగుల జాతుల్లో నూటికి ఐదుకి మించి కనబడకుండా పోతాయని లెక్క. టీడీఎస్‌లో చెప్పాలంటే ఇది రమారమి 200. మన బోర్ల దగ్గర 200 వస్తే "బంగారంలాంటి నీళ్ళు" అంటాం. మన తాగునీటి ప్రమాణంలోనూ 500 వరకు పర్వాలేదు. మనిషి నోటికి బాగున్న నీళ్ళలో మేఫ్లై అనే నీటి పురుగు బతకలేకపోవచ్చన్నమాట. ఈ సంగతి తెలిశాక నేను తాగునీటి హద్దుతో వాగుని కొలవడం మానేశాను, మీరూ మానేయండి.

కొలిచే పద్ధతి సులువే. ముందు 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంలో ముంచి పెన్ను సరిచేసుకోండి. వాగు దగ్గర ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, పారే నీటిలో పెట్టి అంకె నిలిచేదాకా ఆగండి. తేదీ, సమయం, నీటి వేడి కూడా రాయండి. మూడు చోట్ల కొలవాలి: గని నీళ్ళు కలిసే చోటుకి ఎగువన, రెండు నీళ్ళూ బాగా కలిసిపోయాక దిగువన, గనుల్లేని పక్క వాగులో. వాన పడిన మర్నాడు వెళ్ళకండి, అంకె పడిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాగు సన్నగిల్లినప్పుడు తప్పకుండా వెళ్ళండి. చలికాలంలో అంకె ఎగిరితే మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పేమో చూసుకోవాలి. దానికి క్లోరైడ్ స్ట్రిప్పులు చాలు. రోడ్డు ఉప్పులో క్లోరైడ్ ఎక్కువ, ఇక్కడి బొగ్గు గని నీళ్ళలో సాధారణంగా సల్ఫేట్ ఎక్కువ. గని స్థలంలోకి అడుగుపెట్టొద్దు, వంతెన దగ్గర నుంచి కొలిస్తే చాలు.

అంకెతో ఆగిపోకండి. ఏప్రిల్‌లో, పురుగులు రెక్కలొచ్చి ఎగిరిపోకముందే, జోరుగా పారే చోట అరచేతి కంటే పెద్ద రాయి ఒకటి మెల్లగా తిప్పి తెల్లటి ప్లాస్టిక్ ట్రేలో పెట్టండి. అడుగున నలుసులా అతుక్కుని పక్కలకి జారుతూ పరిగెత్తేది కనిపిస్తే భూతద్దం తీయండి. చదునైన తల, పొట్టకి రెండు వైపులా రెపరెపలాడే ఆకుల్లాంటి మొప్పలు, చాలావాటికి మూడు తోకలు, ఒక్కో కాలి చివర ఒకే గోరు ఉంటే అది మేఫ్లై పిల్ల. రెండు తోకలుండి, పొట్ట పక్కన మొప్పల్లేకుండా, కాలికి రెండు గోళ్ళుంటే అది స్టోన్‌ఫ్లై అనే మరో పురుగు పిల్ల. ఉప్పు పెరిగితే ముందు మాయమయ్యేవి మేఫ్లైలే. వాటి ఒంట్లో లవణం బయటి నీటికన్నా ఎక్కువ, మొప్పల మీది కణాలతో నీళ్ళలోంచి అయాన్లు (కరిగిన లవణాల రేణువులు) లాక్కుంటూ బతుకుతాయి. బయటి పాళ్ళు మారితే ఒంట్లో ఉన్న శక్తంతా ఆ సమతూకానికే పోయి ఎదుగుదల మందగిస్తుంది. చూశాక రాయిని ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టేయండి.

చేపలు కొంత ఉప్పుకి తట్టుకుంటాయిలే అని ధీమా పడకూడదు. 2009 సెప్టెంబరులో పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా సరిహద్దున పారే డంకర్డ్ క్రీక్‌లో 30 మైళ్ళకు పైగా చేపలు, ఆల్చిప్పలు, మడ్‌పపీ అనే నీటి సాలమాండర్లు చచ్చిపోయాయి. గని నీళ్ళతో వాగు ఉప్పగా మారింది, ఉప్పునీటి చోట్ల పెరిగే గోల్డెన్ ఆల్గే అనే కంటికి కనబడనంత చిన్న నాచుకి అది చక్కగా కుదిరింది. దాని విషం చేపల మొప్పల్ని పాడుచేస్తుంది. నాకు ఎక్కువ బాధ ఆల్చిప్పల గురించే. వాటి పిల్లలు కొన్నాళ్ళు చేపల మొప్పలకి అంటుకుని పెరగాలి, చేపలు పోతే తిరిగి వచ్చే దారే మూసుకుపోతుంది. 2022లో పోలండ్, జర్మనీల మధ్య ఓడర్ నదిలోనూ ఇదే ఆల్గే వందల టన్నుల చేపల్ని చంపింది.

గోదావరి బొగ్గు ప్రాంతంలో ఉన్నవాళ్ళు 300 అంకెని పట్టుకోకండి. మన నేలల్లో నీటికి సహజంగానే ఉప్పెక్కువ, అక్కడి పురుగులూ వేరు. ఎగువకీ దిగువకీ తేడా ఎంత, వేసవిలో ఎంత పెరుగుతోంది, రాళ్ళ కింద పురుగుల రకాలు తగ్గాయా అన్నది చూడండి.

అమెరికాలో ఉంటే గని కంపెనీలు తాము వదిలే నీళ్ళ గురించి ఇచ్చే నెలవారీ లెక్కలు ఈపీఏ వారి ఎకో వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ అంకెల్ని వాటి పక్కన పెట్టి, ఫొటోలతో సహా రాష్ట్ర పర్యావరణ శాఖకి పంపండి. చేపలు తేలుతుంటే మాత్రం లెక్కలు సర్దుకుంటూ కూర్చోకండి. వెంటనే ఫోన్ చేసి, శుభ్రమైన సీసాలో నీళ్ళు నింపి, చీకట్లో ఐస్ మీద ఉంచండి. ఆల్గే ఉందో లేదో ల్యాబ్ వాళ్ళు చూడటానికి ఆ సీసా కావాలి.