హైవే మీద లాంగ్ డ్రైవ్ అంటే భయమా? ఇలా మొదలుపెట్టండి

సిటీలో రోజూ కారు నడిపేవాళ్ళు కూడా హైవే అనగానే వెనక్కి తగ్గుతారు, నేనూ అంతే, కారు కొన్న రెండేళ్ళ దాకా విజయవాడ వెళ్ళాలంటే డ్రైవర్ని పిలిపించుకునేదాన్ని. లారీ పక్కకొస్తే చాలు అరచేతులు తడిసిపోయేవి. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఆ 270 కిలోమీటర్లు నేనే నడుపుతున్నా, ఎలాగో వరసగా చెప్తా.

1. భయం దేనికో ముందు తేల్చుకోండి. లారీని దాటడమా, స్పీడా, దారిలో బండి ఆగిపోతుందనా? కాగితం మీద రాయండి. బండి గురించైతే మెకానిక్ దగ్గర బ్రేకులు, కూలెంట్, స్టెప్నీతో సహా టైర్లలో గాలి చూపించుకోండి, నేషనల్ హైవే హెల్ప్‌లైన్ 1033, ఎమర్జెన్సీకి 112 ఫోన్లో పెట్టుకోండి. సగం భయం అక్కడే పోతుంది.

2. మొత్తం దూరం ఒకేసారి వద్దు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి బయల్దేరి చౌటుప్పల్ దాకా వెళ్ళి టీ తాగి వచ్చేయండి. రెండు మూడు వారాలు అదే చేయండి, బోర్ కొట్టాలి, బోర్ కొట్టిందంటే భయం తగ్గినట్టే. తర్వాత నార్కట్‌పల్లి, ఆ తర్వాత సూర్యాపేట, అక్కడికి సగం దారి అయిపోయినట్టే. భయమేసిందని మానేస్తూ పోతే మాత్రం అది ఇంకా పెరుగుతుంది.

3. అసలు కష్టం లారీ దగ్గరే. వెనకాలే అతుక్కుని వెళ్ళొద్దు, కనీసం మూడు సెకన్ల దూరం ఉంచండి, లారీ సైడ్ అద్దం మీకు కనపడకపోతే మీరు ఆ డ్రైవర్‌కి కనపడనట్టే. అద్దాలు చూసుకుని, ఇండికేటర్ వేసి, హారన్ కొట్టి, దాటడం మొదలెట్టాక పక్కనే నాన్చకుండా వెళ్ళిపోవాలి. నకిరేకల్ దగ్గర నేను మొదటిసారి దాటింది గడ్డి లారీ, గడ్డి పరకలు అద్దానికి టపటపా తగులుతున్నాయి, గాలికి కారు కొంచెం ఊగింది, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని అలాగే వెళ్ళిపోయా. లారీ ముందు భాగం మొత్తం మీ లోపలి అద్దంలో కనపడ్డాకే ఎడమకి రండి. దాటబుద్ధి కాకపోతే దాటకండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఊళ్ళ దగ్గర మాత్రం స్లో చేయండి, రాంగ్ సైడ్‌లో బైకులు వస్తుంటాయి.

4. మధ్యలో గుండె దడ మొదలైతే సడన్ బ్రేక్ వేయొద్దు. నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి తీసుకుని ఆరు లెక్కపెట్టేదాకా వదలండి, స్టీరింగ్ మీద పట్టు కాస్త వదులు చేయండి, కనపడేవి పైకి చెప్పండి: ఎదర పాల వ్యాను, ఎడమ పక్క బంకు. ఆ దడ ఎంత పెరిగినా కాసేపటికి దిగుతుంది. దిగకపోతే ఇండికేటర్ వేసి బంకులోకో హోటల్లోకో తిప్పండి, రోడ్డు పక్కన ఆపొద్దు. కారు ఎక్కకముందే రెండ్రోజులు నిద్ర పట్టనంత భయమైతే సైకాలజిస్ట్‌ని కలవండి, ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా ఉంది, ఇందులో సిగ్గుపడేదేం లేదు.

5. పక్కన కూర్చునేవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. "అబ్బా, చూసుకో, చూసుకో" అనే మనిషి పక్కనుంటే ఎంత బాగా నడిపేవాళ్ళైనా తడబడతారు. మా ఆయనకి ఒకటే చెప్పా, మ్యాప్ చూడండి, నీళ్ళివ్వండి, నేనడిగితే తప్ప రోడ్డు గురించి మాట్లాడకండి అని.

6. సంక్రాంతి రద్దీలో మొదటి ట్రిప్ పెట్టుకోకండి. రాత్రి బాగా నిద్రపోండి, రెండు గంటలకోసారి ఆగండి, చీకటి పడేలోపు చేరండి. వచ్చేటప్పుడు వేరేవాళ్ళకి తాళాలు ఇచ్చేయకండి, కనీసం కోదాడ దాకైనా మీరే నడపండి.