పైన జాగా తక్కువగా ఉన్న కారు షెడ్డుకు తలుపు మార్చేటప్పుడు

కడపలో పాత ఇళ్ల కారు షెడ్లకు తలుపు మార్చేవారు ద్వారం వెడల్పు, ఎత్తు మాత్రమే కొలిచి కొత్త షట్టరు చేయించడం సరికాదు; ముందుగా కొలవవలసినది ద్వారం పైఅంచుకూ లోపలి స్లాబు లేదా దూలం అడుగుకూ మధ్య మిగిలిన ఖాళీ. రోలింగ్ షట్టరు పైకి చుట్టుకున్నప్పుడు ఆ చుట్టకు సాధారణంగా 12 అంగుళాలు, ఒక్కోసారి అంతకు మించిన చోటు కావాలి కాబట్టి, అది లేనిచోట చుట్ట ద్వారంలోకి దిగి కారు వెళ్లే ఎత్తునే తగ్గిస్తుంది. అటువంటప్పుడు చుట్టను గోడకు బయటివైపున, వాన పడకుండా రేకు కప్పుతో బిగించవచ్చు. వీధి వైపు ఆ జాగా కూడా లేకపోతే, పైన చుట్ట అవసరమే లేకుండా పక్కకు ముడుచుకునే కొలాప్సిబుల్ గేటే మేలని నా అభిప్రాయం. మన ఎండలకు లోపల గాలి కూడా ఆడుతుంది. అయితే ముడుచుకున్న గేటు వెడల్పులో కొంత ఆక్రమిస్తుంది కనుక, కారు పక్క అద్దాలు (సైడ్ మిర్రర్లు) తెరిచి ఉంచి కొలుచుకోవాలి. నేలపై కడప బండలు కొత్తగా పరిచే ఆలోచన ఉంటే ఆ పని ముగిసిన తరువాతే ఎత్తు కొలవాలి; ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా చూసి, వాటిలో తక్కువ కొలతనే షట్టరు చేసేవారికి ఇవ్వాలి.