క్రిస్మస్ ముందురాత్రి ఇటలీ విందు: కాగే నూనెలో తడి చేప వేయకండి

గత డిసెంబరు 24వ తేదీ సాయంత్రం, న్యూజెర్సీలో మాకు బాగా దగ్గరివాళ్ళ ఇంట్లో, పొరుగున ఉండే ఇటలీ సంతతివారిని మెప్పించాలన్న ఉత్సాహంతో ఏర్పాటు చేసిన విందు మొదటి వాయి నూనెలో పడగానే ఆగిపోయింది. పైకి మెత్తబడినట్టే కనిపించిన స్క్విడ్ (గొట్టంలాంటి ఒళ్ళున్న సముద్రజీవి) ముక్కల లోపల మంచు ఇంకా కరగలేదు. ఒక్కసారిగా పొంగిన నూనె ఆ ఇంటి ఇల్లాలి చేతిని మోచేతి వరకూ కాల్చింది. వచ్చిన అతిథులు చలికోట్లు విప్పకముందే ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. ఈ ఏడు అటువంటి విందు తలపెట్టినవారు నన్ను వంటకాల పట్టిక అడుగుతున్నారు కనుక, పట్టిక కంటే ముందు తెలియవలసిన సంగతులు రాస్తున్నాను.

క్రిస్మస్ ముందురాత్రి మాంసం ముట్టకపోవడం కాథలిక్కుల పాత ఆచారం. అందువల్లనే దక్షిణ ఇటలీలో ఆ రాత్రి భోజనమంతా చేపలతో, కూరగాయలతో సాగుతుంది. దానికి ‘ఏడు చేపల విందు’ అన్న పేరూ లెక్కా అమెరికాకు వలస వచ్చిన ఇటలీ కుటుంబాల్లో స్థిరపడ్డాయి గాని, నేపుల్స్‌లోనో రోమ్‌లోనో ఏడు వంటకాలు ఉండి తీరాలన్న నియమం లేదు. కనుక ఏడింటి కోసం ప్రయాసపడకండి. క్లామ్స్ అనే చిప్పజాతి జీవులతో స్పగెట్టి, వేయించిన బక్కలా అనే ఉప్పుచేప, కాలీఫ్లవర్‌తో చేసే నేపుల్స్ సలాడ్, చివర స్త్రూఫొలి అనే, వేయించి తేనెలో దొర్లించిన పిండి ఉండలు ఉంటే ఆ విందు సంప్రదాయబద్ధమైనదే. నాలుగు పొయ్యిల మీద ఒకేసారి ఏడు వంటలు నడిపే మనిషి నూనె మూకుడు మీద కన్ను వేసి ఉంచలేరు.

అసలు తప్పు ఒక్కటే: తడి చేపను, సగం గడ్డకట్టిన చేపను కాగే నూనెలో వేయడం. ఈ వేపుళ్ళకు నూనె 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వరకు కాగాలి. నీరు 100 డిగ్రీల దగ్గరే ఆవిరై దాదాపు 1,600 రెట్లు విస్తరిస్తుంది కాబట్టి, ముక్క మడతలో దాగిన చెంచాడు నీరు చాలు, మూకుడులోని నూనెను పొయ్యి మీదికి, ఒంటి మీదికి చిమ్మడానికి. మన ఇళ్ళలో కారం పట్టించిన చేపను పెనం మీద కాస్త నూనెలో వేయిస్తాం. అక్కడ తడి ఉన్నా చిటపటలతో సరిపోతుంది. ఆ అలవాటుతోనే లోతైన మూకుడు దగ్గరకు వెళ్తాం, అదే ముప్పు తెస్తుంది. గడ్డకట్టిన స్క్విడ్‌ను 23వ తేదీ ఉదయమే ఫ్రిజ్‌లో కింది అరలోకి దించండి. వేయించే ముందు గొట్టంలా ఉండే ప్రతి ముక్కనూ విప్పి, లోపలా బయటా కాగితపు తువ్వాలుతో అద్ది, తువ్వాలు పొడిగా వచ్చేవరకు ఆగండి. పిండి అద్దితే తడి పీల్చుకుంటుందిలే అనుకోకండి. పిండి తడిని దాచిపెడుతుంది.

బక్కలా అంటే ఉప్పులో ఊరబెట్టిన కాడ్ చేప. మన కోస్తా ఉప్పుచేపను కాసేపు నానబెట్టి కడిగితే సరిపోతుందన్న లెక్క దీనికి పనికిరాదు. దళసరి ముక్కకు 48 నుంచి 72 గంటలు పడుతుంది. ఫ్రిజ్‌లో, చల్లని నీళ్ళలో, రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి. 24న వండాలంటే 21 రాత్రికే నీళ్ళలో పడాలి. కొనేటప్పుడు ఇంకొకటి చూసుకోండి: వెనిస్ పరిసరాల వంటల్లో ‘బక్కలా’ అన్న పేరుతో వాడేది ఉప్పు లేకుండా ఎండబెట్టిన కాడ్, అది నానడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. ఉప్పు సరిగ్గా దిగిందో లేదో ఒక చిన్న ముక్క ఉడికించి రుచి చూసి తెలుసుకోండి. ఇన్ని నీళ్ళు తాగిన చేప ఇది. పిండిలో ముంచే ముందు తువ్వాళ్ళ మధ్య పరచి, బరువు పెట్టి, నీరంతా లాగించకపోతే స్క్విడ్‌కు జరిగినదే దీనికీ జరుగుతుంది.

మస్సెల్స్, క్లామ్స్ వంటి చిప్పజాతి జీవులను ప్రాణంతో ఉండగానే కొనాలి, ఆ రోజే కొనాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించినా, మంచినీళ్ళలో ఉంచినా చచ్చిపోతాయి. తడిగుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. చిప్ప తెరుచుకొని ఉండి, తట్టినా మూసుకోనిదాన్ని పారేయండి. ఉడికాక తెరుచుకోనిదాన్నీ పారేయండి.

పచ్చి చేపను నిమ్మరసంలో ఊరబెట్టి వడ్డించడం ఇటలీలో ఉన్నదే, కాని నిమ్మరసం, వెనిగర్ అనిసాకిస్ అనే పరాన్నజీవిని చంపవు. 2013లో ఇటలీ ఆరోగ్య శాఖ తెచ్చిన నిబంధన ప్రకారం చేపల దుకాణాల్లో ఒక హెచ్చరిక ఉంచాలి: పచ్చిగా తినదలచిన చేపను ఇంటి ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం 96 గంటలు గడ్డకట్టించాలి. మనకు ఆ ఓపిక లేకపోతే పచ్చి చేప వడ్డించవద్దు.

ఇక మిగిలినవి వరుసగా చెప్తాను.

చేపలు, రొయ్యలు, గవ్వజాతి పడనివారెవరో ముందే ఫోన్ చేసి అడగండి. శాకాహారులను పిలిస్తే నేపుల్స్ సలాడ్‌లో ఆంకోవీ చేప ఉంటుందని, పార్మిజానో రెజ్జానో చీజ్ దూడ కడుపు నుంచి తీసిన, పాలను విరిచే రెన్నెట్‌తో తయారవుతుందని గుర్తుంచుకొని, వారికి వేరుగా వండండి. చేప వేయించిన నూనెలో వారి కూరగాయలు వేయించకండి. క్లామ్స్ స్పగెట్టి మీద చీజ్ తురమకండి. స్త్రూఫొలిలో తేనె ఉంటుంది, ఏడాది నిండని పసివాళ్ళకు నాకించకండి. తిరమిసు అనే ఇటలీ తీపిలో గుడ్డు పచ్చిది, గర్భిణులకు పెట్టకండి. వండిన చేపను రెండు గంటలకు మించి బల్ల మీద ఉంచకండి. మూకుడు సగానికి మించి నూనె పోయకండి. చున్నీ, పమిట, వేలాడే చొక్కా చేతులు పొయ్యి దగ్గరకు రానివ్వకండి. పిల్లలను వంటింట్లోకి రానివ్వకండి. అతిథి పిలిచినా నూనె వదిలి వెళ్ళకండి. వెళ్ళక తప్పకపోతే పొయ్యి ఆర్పి వెళ్ళండి. మంట లేస్తే నీళ్ళు చల్లవద్దు, మూకుడు కదపవద్దు. పొయ్యి ఆర్పండి, లోహపు మూత పక్కనుంచి జరిపి కప్పండి, చల్లారేవరకు తీయకండి. మూత ముందే చేతికి అందేలా పెట్టుకోండి. చెయ్యి కాలితే వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసి, కుళాయి కింద చల్లని నీటిలో 20 నిమిషాలు ఉంచండి. మంచు పెట్టకండి, పసుపు రాయకండి, టూత్‌పేస్టు రాయకండి. బొబ్బ లేస్తే ఆసుపత్రికి వెళ్ళండి, విందు ఆగినా సరే.

మళ్ళీ చెప్తున్నాను, తడి ముక్క నూనెలో వేయకండి. తువ్వాలుతో అద్దిన తర్వాత కూడా మొదటి వాయికి ఒక్క ముక్కనే, చిల్లుల గరిటెతో, మనకు అవతలి వైపుగా వాల్చి జారవిడవండి. అది పొంగకుండా వేగితేనే రెండో ముక్క వేయండి.