ఉన్నత రాజకీయ పదవుల్లో మహిళల వాటా: లెక్క ఎలా కట్టాలి?

మార్గరెట్ థాచర్ 1979 నుంచి 1990 వరకు బ్రిటన్ ప్రధానిగా ఉన్నారు. అంత కాలంలో ఆమె తన కేబినెట్‌లోకి తీసుకున్న మహిళ ఒక్కరే, ప్రభువుల సభ (పార్లమెంటు ఎగువ సభ) నాయకురాలిగా పనిచేసిన జానెట్ యంగ్. అగ్రస్థానంలో ఉన్న ఒక్క పేరును చూసి ఒక దేశ రాజకీయాల్లో మహిళలకు తగిన చోటు దక్కిందని రాస్తే ఎంత పెద్ద పొరపాటు జరుగుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. విద్యార్థులు, విలేకరులు, మహిళా సంఘాల కార్యకర్తలు ఏ దేశానికి సంబంధించైనా ఈ లెక్కను స్వయంగా వేసుకోగల పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఎంతమంది మహిళలు పదవుల్లో ఉన్నారన్నది అవసరమైన ప్రశ్నే కానీ, అది చాలదు. ఖజానా, భద్రత, నియామకాలు అనే మూడు విషయాల్లో నిర్ణయం తీసుకునే అధికారం ఎంతమంది మహిళల చేతుల్లో, ఎంతకాలం ఉందన్నదే అసలు తేల్చవలసిన సంగతి.

ముందుగా ఏయే పదవులను లెక్కలోకి తీసుకుంటున్నారో కాగితం మీద పెట్టుకోండి. దేశాధినేత, ప్రభుత్వాధినేత అనే రెండు పదవులను ఒకే గడిలో వేయకూడదు. ఐర్లాండ్‌లో మేరీ రాబిన్సన్ 1990లో అధ్యక్షురాలయ్యారు, ఆమె తర్వాత మేరీ మెక్‌అలీస్ 2011 వరకు ఆ పదవిలో కొనసాగారు. కానీ అక్కడ అధ్యక్ష పదవి ప్రధానంగా లాంఛనప్రాయమైనది. పాలనాధికారం ఉన్న ప్రధాని పదవిని ఆ దేశంలో 2025 నాటికీ ఏ మహిళా చేపట్టలేదు. మెక్సికోలో అలా కాదు. 2024లో ఎన్నికైన క్లాడియా షీన్‌బామ్ దేశాధినేత మాత్రమే కాక ప్రభుత్వాధినేత కూడా. రెండు దేశాల్లోనూ అధ్యక్షురాలనే పేరున్నా చేతిలో ఉన్న అధికారం వేరు కనుక, ప్రతి పదవి పక్కన అది లాంఛనమా, కార్యనిర్వాహకమా అన్నది తప్పనిసరిగా రాసుకోవాలి.

తర్వాత చట్టసభ. ఇక్కడ పని తేలికే. వివిధ దేశాల చట్టసభల అంతర్జాతీయ సంస్థ అయిన అంతర్ పార్లమెంటరీ యూనియన్ అన్ని దేశాల వివరాలనూ ప్రచురిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా చట్టసభల్లో మహిళల వాటా 1995లో 11.3 శాతం ఉండగా, 2025 ఆరంభానికి 27.2 శాతానికి చేరింది. ఏ తేదీ నాటి లెక్క, దిగువ సభదా లేక రెండు సభలదా అన్నది రాయకుండా శాతాన్ని ఉటంకించకండి. ఆ సభకు ఉన్న అధికారమేమిటో కూడా ఒక వాక్యంలో చేర్చండి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 40 స్థానాల జాతీయ మండలిలో సగం మహిళలకు దక్కాలని 2019లో ఉత్తర్వు వచ్చింది, కానీ ఆ మండలి ప్రధానంగా సలహా సంస్థ. ఇక స్వీడన్ పార్లమెంటులో 1994 ఎన్నికల్లోనే మహిళల వాటా 40 శాతం దాటినా, తొలి మహిళా ప్రధాని మాగ్దలేనా ఆండర్సన్ 2021లో గానీ రాలేదు. సభలో సంఖ్య పెరిగితే పై పదవులు వాటంతట అవే వస్తాయని అనుకోవడానికి వీల్లేదు.

అసలు శ్రమ మంత్రివర్గం దగ్గరే ఉంటుంది. చాలా వ్యాసాలు తడబడేదీ ఇక్కడే కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. పూర్తిస్థాయి మంత్రులనూ సహాయ మంత్రులనూ కలిపి లెక్కిస్తే శాతం ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది, ఎందుకంటే కొత్తగా అవకాశం ఇచ్చిన మహిళలను తరచుగా కింది హోదాలోనే ఉంచుతారు. రెండింటికీ వేర్వేరు పట్టికలు వేయండి. ఆపైన శాఖలను విడదీయండి. ఆర్థికం, హోం, రక్షణ, విదేశాంగం ఒక వర్గం. పరిశ్రమలు, ఇంధనం, వ్యవసాయం, రవాణా, విద్య, ఆరోగ్యం వంటి భారీ శాఖలు రెండో వర్గం. మహిళా శిశు సంక్షేమం, సంస్కృతి వంటి, బడ్జెట్ తక్కువగా ఉండే శాఖలు మూడో వర్గం. మూడో వర్గపు శాఖలు చిన్నపని చేస్తాయని దీని అర్థం కాదు. ఆ శాఖల్లో మహిళలను కూర్చోబెట్టి, మొదటి వర్గాన్ని పురుషులకే అట్టిపెట్టే అలవాటు ఎంత బలంగా ఉందో బయటపెట్టడమే ఈ విభజన ఉద్దేశం. 2025 జనవరి 1 నాటికి ప్రపంచంలో శాఖలకు సారథ్యం వహించే మంత్రుల్లో మహిళలు 22.9 శాతమే. వారు ఎక్కువగా కనిపించేది మహిళా, కుటుంబ, శిశు వ్యవహారాల్లో, చాలా తక్కువగా కనిపించేది రక్షణ, హోం, ఆర్థిక శాఖల్లో. బ్రిటన్‌లో శతాబ్దాల చరిత్ర ఉన్న ఆర్థికమంత్రి పదవికి రేచల్ రీవ్స్ రూపంలో తొలి మహిళ 2024లో వచ్చారు. అమెరికా ఖజానా శాఖకు జానెట్ యెల్లెన్ 2021లో వచ్చారు.

శాతాన్ని ఒక్క రోజు ఫొటో చూసి రాయవద్దు, పదవీకాలంతో గుణించండి. ఊహకు ఒక మంత్రివర్గాన్ని తీసుకుందాం. 20 మంది మంత్రులు, 60 నెలల పాలన, మొత్తం 1,200 మంత్రి-నెలలు. మొదటి రోజు నుంచి ఇద్దరు మహిళలు ఉన్నారు. ఎన్నికలకు ఏడాది ముందు జరిగిన విస్తరణలో మరో నలుగురు మహిళలు నలుగురు పురుషుల స్థానంలో వచ్చారు. చివరి రోజు లెక్క ప్రకారం 20కి 6, అంటే 30 శాతం. కాలంతో లెక్కిస్తే ఇద్దరికి 120, నలుగురికి 48, మొత్తం 168 మంత్రి-నెలలు, అంటే 14 శాతం. ఒకే ప్రభుత్వం గురించి ఈ రెండు అంకెలూ నిజమే అయినా, ఐదేళ్లపాటు అధికారం ఎవరి చేతుల్లో ఉందో చెప్పేది రెండోదే. ప్రమాణ స్వీకార తేదీలు, శాఖల మార్పులు అధికారిక గెజిట్‌లో దొరుకుతాయి. పత్రికల కథనాల కంటే ముందు వాటినే చూడండి.

కాలాన్ని మరింత వెనక్కి తీసుకెళితే ఇంకో నిజం కనిపిస్తుంది. ఐర్లాండ్‌లో కాన్‌స్టాన్స్ మార్కివిచ్ 1919లోనే కార్మిక మంత్రి అయ్యారు, ఆ దేశ కేబినెట్‌లోకి తర్వాతి మహిళ 1979లో వచ్చారు. ఈ రెండు నియామకాల మధ్య అరవై ఏళ్లు గడిచాయి. కాబట్టి తొలి మహిళ ఎప్పుడు వచ్చారని మాత్రమే కాక, రెండో మహిళ ఎప్పుడు వచ్చారు, ఆ మధ్య ఎన్నేళ్లు గడిచాయి అని కూడా అడగండి. పదవి ఏ పరిస్థితుల్లో దక్కిందన్నదీ చూడాలి. కెనడాలో కిమ్ క్యాంప్‌బెల్ 1993లో ప్రధాని అయ్యేనాటికి ఆమె పార్టీపై ప్రజాగ్రహం తీవ్రంగా ఉంది. కొన్ని నెలలకే జరిగిన ఎన్నికల్లో 150కి పైగా స్థానాలున్న ఆ పార్టీకి మిగిలినవి రెండే. ఓటమి ఖాయమైన వేళ అప్పగించిన నాయకత్వాన్ని, గెలిచే వేళ అప్పగించిన నాయకత్వంతో సమానంగా లెక్కించడం నాకు న్యాయంగా తోచదు.

ఇక ఆ పదవుల వరకు వచ్చే దారి. పార్టీలు ఎంతమంది మహిళలకు టికెట్లు ఇచ్చాయన్న దానికంటే, గెలిచే టికెట్లు ఎన్ని ఇచ్చాయన్నది ముఖ్యం. జాబితా పద్ధతి ఉన్న దేశాల్లో, అంటే పార్టీకి వచ్చిన ఓట్లను బట్టి దాని జాబితాలో పైనుంచి వరుసగా అభ్యర్థులు ఎన్నికయ్యే చోట, జాబితాలో మహిళల వరుస సంఖ్య చూడండి. అర్జెంటీనా 1991లో చేసిన చట్టం 30 శాతం మహిళలను, అదీ గెలుపు అవకాశమున్న స్థానాల్లో, నిలపాలని షరతు పెట్టడానికి కారణం ఇదే. నియోజకవర్గ పద్ధతిలో అయితే గత ఎన్నికలో ఆ పార్టీకి అక్కడ వచ్చిన మెజారిటీని ప్రతి అభ్యర్థి పక్కనా నమోదు చేయండి. బ్రిటన్‌లో లేబర్ పార్టీ గెలవగల స్థానాల్లో కొన్నింటికి మహిళలతోనే అభ్యర్థుల జాబితాలు రూపొందించాక, 1992లో 60గా ఉన్న మహిళా ఎంపీల సంఖ్య 1997లో 120కి చేరింది. చట్టంలో తప్పించుకునే దారులు ఉన్నాయేమో కూడా వెతకండి. ఫ్రాన్స్ 2000లో సమాన అభ్యర్థిత్వ చట్టం తెచ్చినా, పెద్ద పార్టీలు మహిళలను నిలపడానికి బదులు, దాన్ని పాటించనందుకు ప్రభుత్వ నిధుల్లో పడే కోతను భరించడానికే సిద్ధపడ్డాయి. మెక్సికోలో 2009లో గెలిచిన కొందరు మహిళలు రాజీనామా చేసి తమ ప్రత్యామ్నాయ సభ్యులైన (సభ్యుడు తప్పుకుంటే ఆ స్థానంలోకి వచ్చేలా ముందే నిర్ణయమైన) పురుషులకు స్థానాలు వదిలిపెట్టారు. అందువల్ల గెలిచినవారి జాబితాతో ఆగకుండా, ఏడాది తర్వాత సభలో కూర్చున్నవారి జాబితాతో దానిని సరిచూడాలి.

ఫలితాన్ని రాసేటప్పుడు ఒకే శాతంగా కుదించవద్దు. సభలో వాటా, పూర్తిస్థాయి మంత్రుల్లో వాటా, మొదటి వర్గపు శాఖల్లో వాటా, మంత్రి-నెలల్లో వాటా అనే నాలుగు అంకెలను తేదీలతో సహా పక్కపక్కనే ఇవ్వండి. మొదటి వర్గంలో ఉండేవి నాలుగే పదవులు కాబట్టి అక్కడ శాతం రాయకుండా నాలుగింటిలో ఒకటి అని రాయండి, ఒక్కరు మారితే 25 శాతం మారిపోయే చోట శాతానికి అర్థం ఉండదు. పేరును బట్టి మంత్రి స్త్రీ అనో పురుషుడనో ఊహించకుండా, సభ ప్రచురించిన సభ్యుల వివరాలతో సరిచూడండి. ఎవరి విషయంలోనైనా ఆధారం దొరకకపోతే ఆ గడిని ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీగా ఉందో పట్టిక కింద తెలపండి.