వేసవి ఇంటికి కుట్టు పాఠాలు – 3: పాత చీర, పడమటి కిటికీ

పోయిన పాఠంలో దిండు గలీబులు కుట్టాం. తిన్నగా కుట్టు వేయడం, మూలల దగ్గర గుడ్డ ముద్దకట్టకుండా మడవడం చేతికి వచ్చిందంటే ఈ పాఠానికి అంతకు మించి పనితనం అక్కర్లేదు. ఈసారి కుట్టు తక్కువ, కొలత ఎక్కువ. ఒక పాత నూలు చీర, రెండు తెల్ల పంచెలు పెట్టుకుని ఒక కిటికీకి జత కర్టెన్లు కుడదాం.

ఏ కిటికీకి? చాలామంది వచ్చినవాళ్లకి కనబడుతుందని హాల్లో కిటికీతో మొదలుపెడతారు. నన్నడిగితే పడమటి కిటికీతో మొదలుపెట్టమంటాను. మే నెల మధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు నడినెత్తినే ఉంటాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే పడదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందుకని చలికాలంలో గదినిండా ఎండ నింపే దక్షిణం కిటికీ వేసవిలో పెద్దగా బాధపెట్టదు. మూడు దాటాక ఏటవాలుగా వచ్చి మంచం మీద పడుకునేది పడమటి ఎండ. కిటికీ పైనున్న సన్‌షేడ్ కూడా దాన్ని ఆపలేదు. తూర్పు ఎండ కూడా ఏటవాలుదే గానీ, పొద్దున్నపూట ఇల్లు ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి దాని సంగతి తర్వాత చూడొచ్చు.

ఒక నిజం ముందే చెప్పేస్తాను. లోపల కట్టిన గుడ్డ కన్నా బయట కట్టిన తడికే వేడిని ఎక్కువ ఆపుతుంది. ఎండ అద్దం దాటి వచ్చాక గుడ్డ దాన్ని పీల్చుకుంటుంది, ఆ వేడిని మళ్లీ గదిలోకే వదులుతుంది. ముదురు రంగు గుడ్డ అయితే మరీను. మనం పంచె వాడేది అందుకే. తెలుపు ఎండలో చాలా భాగాన్ని వచ్చిన దారినే అద్దంలోంచి బయటికి తిప్పి పంపుతుంది. కాబట్టి చీర గదివైపు, పంచె ఎండవైపు. ఇలా కుడితే చీర రంగు కూడా తొందరగా వెలిసిపోదు.

ఇక చీర. ఏ చీరైనా పనికొస్తుందని అనుకోకండి. నాకు బాగా నచ్చేది మంగళగిరి నూలు చీర. ఒళ్లంతా సాదాగా ఉంటుంది, నేత చిక్కగా ఉంటుంది, రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఈ చివరి గుణం మనకి కాసేపట్లో పనికొస్తుంది. వెంకటగిరి పలచన. వెనక పంచె ఉంటుంది కాబట్టి అది కూడా బాగుంటుంది, వెలుతురు పడితే బుటాలు ఎంతో అందంగా కనిపిస్తాయి. గద్వాల చీర మాత్రం వద్దు. దాని ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఉతికినప్పుడు రెండూ ఒకేలా కుంచించుకోవు, పైగా పట్టు ఎండకి తొందరగా చివికిపోతుంది.

చీరని వెలుతురుకి ఎత్తి పట్టి మొత్తం చూడండి. కూర్చునే చోట వచ్చే గుడ్డ, మడమల దగ్గర రాసుకునే గుడ్డ ముందు పలచబడతాయి. అనుమానం ఉన్నచోట రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ గట్టిగా లాగండి. పోగులు విడిపోతే ఆ భాగాన్ని కర్టెన్‌కి వాడకండి. రంగు పోతుందేమో తెలియాలంటే తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని చెప్తారు గానీ, పోయే రంగు పోతూనే ఉంటుంది. పాత చీరతో ఉన్న సుఖం ఏమిటంటే, వంద ఉతుకుల్లో పోయేదంతా ఎప్పుడో పోయి ఉంటుంది.

ఇంకొకటి. చీర ఎవరిదో వాళ్లని అడిగాకే కత్తెర పట్టండి. బీరువా అడుగున పడి ఉంది కదా అని నేను మా అత్తగారి చీర ఒకటి అడక్కుండా కత్తిరించాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఏడాదిపాటు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ కిటికీ చూపించి, "అది నా చీరేనమ్మా" అని మాత్రం చెప్పారు.

ఇప్పుడు ఫాల్ విప్పండి. బ్లేడుతో కాదు, చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ తెంపుతూ. ఫాల్ కింద దాగిన అంచు కొత్త చీరలా మెరుస్తూ కనిపిస్తుంది, మిగతాది వెలిసి ఉంటుంది. కంగారుపడకండి, దాని సంగతి కత్తిరించేటప్పుడు చూద్దాం. చీరా పంచెలూ ఉతికి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయండి. పంచె కొత్తదైతే ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టాల్సిందే. నా మొదటి కర్టెన్‌కి కొత్త పంచెని ఉతక్కుండా కుట్టేశాను. మొదటి ఉతుక్కే పంచె కుంచించుకుపోయి, చీరంతా ముడతలు పడి, కర్టెన్ ముసలమ్మ చెయ్యిలా తయారైంది. మొత్తం విప్పి మళ్లీ కుట్టుకున్నాను.

ఇక టేపు తీయండి. లెక్క కోసం కిటికీ 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు అనుకుందాం. కర్టెన్ రాడ్ కిటికీకి రెండు పక్కలా 6 అంగుళాల చొప్పున బయటికి రావాలి, లేకపోతే పక్కల నుంచి ఎండ దూరుతుంది. అంటే రాడ్ 48 అంగుళాలు. కిటికీ కన్నా 4 అంగుళాలు పైన రాడ్ బిగిస్తాం, కర్టెన్ కిటికీ అడుగు కన్నా 6 అంగుళాలు కిందికి దిగాలి. 4, 48, 6 కలిపితే 58. కుట్టడం అయ్యాక ఉండాల్సిన పొడవు అది.

కత్తిరించే పొడవు వేరు. పైన రాడ్ దూరడానికి జేబులాంటి మడత కావాలి. టేపుని రాడ్ చుట్టూ తిప్పి, వచ్చినదానిలో సగానికి ముప్పావు అంగుళం కలిపితే జేబు వెడల్పు వస్తుంది. అంగుళం లావు రాడ్‌కి రెండున్నర సరిపోతుంది. పోగులు బయటికి రాకుండా ముందు ఒక అర అంగుళం మడుస్తాం కాబట్టి పైన 3 అంగుళాలు. అడుగున కర్టెన్ బరువుగా, తిన్నగా వేలాడాలంటే మడత వెడల్పుగా ఉండాలి. అర అంగుళం, దాని మీద మూడు, మొత్తం మూడున్నర. 58కి 3, మూడున్నర కలిపితే అరవైనాలుగున్నర. ఒకటిన్నర చేతిలో ఉంచుకుని 66 అంగుళాలకి కత్తిరించండి.

ఆరు గజాల చీర అంటే 216 అంగుళాలు. రెండు ముక్కలకి 132 పోతే కొంగుతో కలిపి 84 అంగుళాలు మిగులుతాయి. కొంగు వైపు నుంచి కాకుండా లోపల దోపుకునే చివర నుంచి కొలవడం మొదలుపెట్టండి. పలచబడిన చోటు మధ్యలో వస్తే దాన్ని వదిలేసి, అవతల నుంచి రెండో ముక్క కొలుచుకోండి. మిగులు అంత ఉంది కదా.

చీర వెడల్పు దాదాపు 45 అంగుళాలు. రెండు ముక్కలు కలిస్తే 90, అంటే 48 అంగుళాల రాడ్‌కి ఇంచుమించు రెట్టింపు. కుచ్చులు నిండుగా పడాలంటే ఈ మాత్రం ఉండాలి. బజారు గుడ్డ కొంటే పక్కలు కూడా మడిచి కుట్టాలి. చీరకి ఆ పని లేదు. మగ్గం మీదే అంచు కట్టుకుని వచ్చింది, పోగు ఊడదు. దాన్ని కత్తిరించి మళ్లీ మడిచేవాళ్లని చూశాను, ఎందుకో నాకు అర్థం కాదు.

కత్తిరించాల్సిన చోట సూదిమొనతో ఒక అడ్డపోగుని పైకి లేపి, మెల్లగా లాగండి. పోగు వచ్చేసిన దారి గీతలా కనిపిస్తుంది. ఆ గీత మీదే కత్తెర నడిపించండి. చించితే త్వరగా అవుతుంది గానీ పాతగుడ్డ ఎటు చిరుగుతుందో చెప్పలేం.

ఇప్పుడు ఆ మెరిసే అంచు సంగతి. ఫాల్ చీరకి ఒక పక్కనే ఉంటుంది కాబట్టి, కోసినవి కోసినట్టు పక్కపక్కన వేలాడదీస్తే ఒక ముక్కకి ఆ అంచు గోడవైపు, ఇంకో ముక్కకి నడిమధ్యకి వస్తుంది. రెండో ముక్కని ఎడమదిక్కు కుడికి వచ్చేలా బోర్లా తిప్పండి. మంగళగిరికి తిరగా మరగా తేడా లేదన్నది ఇందుకే. అప్పుడు రెండు మెరుపు అంచులూ గోడల పక్కకి పోతాయి, మధ్యలో కలిసే అంచులు ఒకే ఛాయలో ఉంటాయి.

పంచె పొడవు లెక్క చూడండి. 58లో జేబు రెండున్నర తీసేస్తే యాభైఐదున్నర. పంచె పైఅంచు జేబు మడత కిందికి అర అంగుళం దూరాలి, అడుగున చీర కన్నా అంగుళం పైకి ఉండాలి. అడుగు మడతకి ఒకటిన్నర. అన్నీ కలిపి చూస్తే యాభైఆరున్నర, మనం 57 తీసుకుందాం. నాలుగు మూరల పంచె ఇంచుమించు 72 అంగుళాలు ఉంటుంది, ముక్కకి ఒక పంచె చొప్పున సరిపోతుంది. మిగిలింది వంటింట్లో మసిగుడ్డకి. వెడల్పు మాత్రం చీర కన్నా ఎక్కువ వస్తుంది. చీరకి రెండు పక్కలా అంగుళం లోపలికి ఉండేలా, ఎక్కువైనదంతా ఒకే పక్క మడిచి కుట్టేయండి.

మిషన్ మీద కుడితే వెంకటగిరి లాంటి పలచని గుడ్డకి 11వ నంబరు సూది, మంగళగిరికి 14. ముందు చీర అడుగు మడత, పంచె అడుగు మడత విడివిడిగా కుట్టేయండి. ఈ రెండిటినీ అడుగున ఎప్పుడూ కలపకూడదు. తర్వాత చీరని బోర్లా పరిచి, పైన అర అంగుళం, దాని మీద రెండున్నర మడిచి, ఆ మడత కిందికి పంచె పైఅంచు దూర్చి, గుండుసూదులు గుచ్చి, పెద్ద పెద్ద పోగులతో చేత్తో కచ్చా కుట్టు వేయండి. ఒకసారి రాడ్‌కి ఎక్కించి చూడండి. ఈ చూడటం బద్ధకించకండి, ఒక పక్క దిగిందంటే ఇప్పుడే తెలుస్తుంది. సరిగ్గా ఉందనుకున్నాక మడత అంచు వెంబడి మిషన్ కుట్టు వేసి, కచ్చా కుట్టు తీసేయండి. పక్కల్లో ప్రతి 12 అంగుళాలకీ ఒకచోట చీరనీ పంచెనీ దారంతో వదులుగా, వేలు పట్టేంత సందు ఉంచి ముడివేస్తే చాలు. రెండు గుడ్డలు ఎవరి దారిన వాళ్లు కదలగలగాలి.

మిషన్ లేకపోతే పైన జేబుకి చేత్తో బ్యాక్ స్టిచ్, అంటే ఒక్కో కుట్టుకీ సూదిని కాస్త వెనక్కి తెచ్చి వేసే గట్టి కుట్టు; అడుగున హెమ్మింగ్, అంటే మడతని గుడ్డకి సన్నగా పట్టించే చేతికుట్టు. రెండు సాయంత్రాల పని. జరీ అంచుని ఇస్త్రీ చేసేటప్పుడు పైన ఒక గుడ్డ వేసి, వేడి తక్కువలో పెట్టుకోండి. ఇప్పటి జరీ చాలావరకు వేడికి ముడుచుకునే రకం.

కట్టాక వాడకం ఇలా. ఎండ ముదరకముందే, పది లోపు, కిటికీ తలుపులు వేసి కర్టెన్లు దగ్గరికి లాగండి. పొద్దు గుంకాక బయట గాలి చల్లబడిందనిపిస్తే రెండూ తెరవండి. కర్టెన్ మీద నీళ్లు చల్లాలని చెయ్యి పీకుతుంది, చల్లకండి. పంచెకి మరకలు పడతాయి, చీర తొందరగా చివుకుతుంది. తడికీ గాలికీ సంబంధించిన పని వట్టివేళ్ల తడికది, అది వచ్చే పాఠం. ఆ తడిక పొడిగాలి ఉండే హైదరాబాద్, అనంతపురం ఇళ్లలో చేసే మేలు, ఉక్కపోసే విశాఖ, కాకినాడల్లో ఎందుకు చేయదో కూడా అక్కడే చూద్దాం.

కిటికీకి ఇన్నాళ్లూ ఉన్న దళసరి కర్టెన్లు ఉతికి, బాగా ఆరాక ఎండిన వేపాకు మధ్యలో వేసి మడతపెట్టండి. మిగిలిన 84 అంగుళాల్లో కొంగుని ముట్టుకోకండి, గుమ్మం పైన కట్టే ఝాలరుకి అది ఐదో పాఠంలో కావాలి. కొంగు పోగా మిగిలిన ముక్కతో పోయిన పాఠంలో లాగే గలీబులు కుడితే దిండ్లూ కర్టెన్లూ జతగా ఉంటాయి.

వచ్చేసారికి దగ్గర పెట్టుకోవాల్సినవి: రెండు కట్టల వట్టివేళ్లు, సన్నటి వెదురు బద్దలు ఒక పది, కొబ్బరితాడు, మీ పడమటి కిటికీ బయటవైపు కొలత. బయటవైపు, గుర్తుపెట్టుకోండి. లోపలి కొలత తీసుకొస్తే తడిక గోడకి తగిలి నిలబడదు.